హాల్లో ఫుల్ సిగ్నల్, వెనక గదిలో కాల్ కట్: ఫోన్‌తోనే కారణం పట్టుకోవచ్చా?

బ్రాడీపేట_శారద

గుంటూరు బ్రాడీపేటలో మాది పాత ఇల్లు. తొమ్మిదంగుళాల గోడలు, రైలుపెట్టెల్లా వరసగా గదులు. ముందు హాలు, తర్వాత మధ్య గది, దాని పక్కన వంటిల్లు, చివర్లో వెనక గది. ఫైబర్ వైరు వీధి కిటికీలోంచి వచ్చింది కాబట్టి రౌటర్‌ను హాల్లో టీవీ వెనకాలే బిగించి వెళ్లారు. మా అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది, కూర్చునేది వెనక గదిలో. పగలు ఏదో నెట్టుకొస్తుంది గానీ సాయంత్రం ఆరు దాటితే మీటింగుల్లో దాని గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. నిన్న మేనేజర్ అందరి ముందూ "ముందు మీ నెట్ సంగతి చూసుకోండి" అన్నాడని అన్నం తినకుండా పడుకుంది. నాకు ప్రాణం చివుక్కుమంది.

మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. హాల్లో స్పీడ్ టెస్ట్ చేస్తే 92, 94 చూపిస్తోంది. వెనక గదిలో పగలు 15, సాయంత్రం 2 లేదా 3. నెట్ కంపెనీ నుంచి వచ్చిన అబ్బాయి 300 ప్లాన్‌కి మారమన్నాడు. షాపతను రిపీటర్ కొనమంటున్నాడు, రౌటర్ సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే పెట్టెట. ఏదో ఒకటి కొనే ముందు అసలు జబ్బేమిటో తెలుసుకోవాలని ఉంది. నా దగ్గర ఉన్నది మామూలు ఆండ్రాయిడ్ ఫోన్. దాంతో తెలుస్తుందా?

కానూరు_కుర్రాడు

ప్లాన్ మాత్రం పెంచకండి ఆంటీ. హాల్లో 94 వస్తోందంటే వీధిలోంచి వచ్చే లైను శుభ్రంగా ఉంది. మేడ మీద ట్యాంకు నిండుగానే ఉంది, అడ్డం ఉన్నది పైపులో. ఇంకా పెద్ద ట్యాంకు పెడితే కుళాయి ధార పెరగదు.

పటమట_పద్మ

రిపీటర్ విషయంలో కూడా ఆగండి. మేము తొందరపడి కొన్నాం. సిగ్నల్ రాని పడగ్గదిలోనే ప్లగ్గుకి పెట్టాం. ఫోన్లో గీతలన్నీ నిండాయి, నెట్ మాత్రం ఎప్పటిలాగే పాకుతోంది. ఇప్పుడది సొరుగులో ఉంది.

లక్ష్మీపురం_లెక్కలమాస్టారు

పద్మ గారూ, రిపీటర్ కూడా రౌటర్ మాట విని మీకు చెప్పేదే. దానికే వినపడని చోట పెడితే ఏం చెబుతుంది? మీ ఫోన్ గీతలు చూపించింది రిపీటర్ ఎంత దగ్గరుందో గానీ, ఆ రిపీటర్‌కి రౌటర్ ఎంత అందుతోందో కాదు. పైగా ఒకే రేడియోతో రౌటర్‌తోనూ ఫోన్‌తోనూ వంతులవారీగా మాట్లాడే రకమైతే వేగం సగానికి సగం పోతుంది.

శారద గారూ, మీ ఫోన్ చాలు. పైన కనిపించే గీతల్ని మాత్రం నమ్మకండి, ఒక్కో కంపెనీ ఫోన్‌లో వాటి లెక్క ఒక్కోలా ఉంటుంది. ప్లేస్టోర్‌లో వైఫై ఎనలైజర్, వైఫైమ్యాన్ లాంటి ఉచిత యాప్‌లున్నాయి, ఒకటి వేసుకోండి. లొకేషన్ ఆన్ చేయమని అడుగుతుంది, చేయండి. లేకపోతే ఆండ్రాయిడ్ చుట్టుపక్కల నెట్‌వర్కుల లిస్టు ఇవ్వదు. అందులో డీబీఎం అనే అంకె మైనస్‌లో కనిపిస్తుంది. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. రౌటర్ పక్కన -30, -40 ఉంటుంది. -67 వరకు వీడియో కాల్‌కి ఢోకా లేదు. -70 దాటితే తడబాటు మొదలవుతుంది. -80 దాటాక పేరుకే కనెక్షన్.

ఇది మామూలు కూడికల లెక్క కాదు, లాగరిథం. 3 తగ్గితే శక్తి సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు. కాబట్టి -60కీ -70కీ తేడా పదే కదా అనుకోవద్దు.

తెల్లకాగితం మీద ఇల్లు గీయండి, కొలతలు కచ్చితంగా ఉండక్కర్లేదు. మొబైల్ డేటా ఆపేయండి. లేకపోతే వైఫై బలహీనంగా ఉన్నచోట ఫోన్ చెప్పకుండా సిమ్ మీదికి మారిపోయి స్పీడ్ టెస్టులో అబద్ధం చెబుతుంది. ప్రతి చోటా అర నిమిషం నిలబడి, అంకె కుదురుకున్నాక రాయండి. రౌటర్ వైపు తిరిగి ఒకసారి, వీపు పెట్టి ఒకసారి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, మనమే ఒక అడ్డుగోడ.

బ్రాడీపేట_శారద

మాస్టారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. పొద్దున్నే కాగితం పట్టుకుని తిరుగుతాను.

మొగల్రాజపురం_మూర్తి

ఐఫోన్‌లో ఇలాంటి యాప్ ఒక్కటీ పనిచేయట్లేదు నాకు. స్పీడ్ చూపిస్తాయి గానీ డీబీఎం చూపించవు.

కానూరు_కుర్రాడు

@మొగల్రాజపురం_మూర్తి బయటి యాప్‌లకి ఆ అంకెలు ఆపిల్ ఇవ్వదండీ. వాళ్లదే ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ అని ఒక యాప్ ఉంది, అది వేసుకోండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ యాప్ పేరు నొక్కితే వైఫై స్కానర్ అనే బటన్ ఉంటుంది, ఆన్ చేయండి. అప్పుడు యాప్‌లో స్కాన్ కనిపిస్తుంది.

మొగల్రాజపురం_మూర్తి

వచ్చింది! మా అపార్ట్‌మెంట్‌లో 31 నెట్‌వర్కులు కనిపిస్తున్నాయి. ఇందులో ఏ పేరు ఎవరిదో కనిపెట్టడమే మా ఇంట్లో ఇప్పుడు ఆట.

భవానీపురం_బాషా

నాకు ఈ ఫోన్ కొలతల మీద నమ్మకం లేదు. మా ఇంట్లో ఒకే కుర్చీలో కూర్చుని రెండు ఫోన్లతో చూస్తే ఒకటి -58, ఒకటి -66. ఏది నిజం?

లక్ష్మీపురం_లెక్కలమాస్టారు

రెండూ నిజమే బాషా గారూ. యాంటెనా ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది, చేత్తో పట్టుకునే తీరుకి కూడా అంకె మారుతుంది. రెండు దుకాణాల తక్కెడలు పోల్చి చూడకూడదు. ఒకే తక్కెడతో అన్ని గదులూ తూచాలి. మనకు కావలసింది గదికీ గదికీ మధ్య తేడా.

భవానీపురం_బాషా

సరే, పోలికకి పనికొస్తుందని ఒప్పుకుంటాను. కానీ కాల్ తెగడానికి సిగ్నల్ ఒక్కటే కారణం కాదు. పింగ్ కూడా చూడాలి, అంటే చిన్న సందేశం పంపితే జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో. రౌటర్ అడ్రసుకి, చాలా ఇళ్లలో 192.168.1.1, ఫోన్ నుంచి పింగ్ కొట్టండి. ఆ యాప్‌లు కూడా ఉచితమే. అది అయిదో పదో మిల్లీసెకన్లలో తిరిగొస్తూ, బయటి సైట్‌కి మాత్రం ఆలస్యమైతే తప్పు లైనుది. రౌటర్‌కే మూడొందలు, నాలుగొందలు పడుతూ మధ్యలో మాయమైతే తప్పు మన ఇంట్లోనే.

బ్రాడీపేట_శారద

పొద్దున ఎనిమిదింటికి కొలిచాను. రౌటర్ ముందు -36. హాలు గుమ్మం -47. మధ్య గది -56. వంటింట్లో ఫ్రిజ్ దగ్గర -69, అది వేరే మూల. వెనక గది గుమ్మం -64. అమ్మాయి బల్ల దగ్గర -71. అన్నీ 2.4 అని ఉన్న నెట్‌వర్క్‌వి. 5జీ అని చివర ఉన్న పేరుకి మారితే హాల్లో బ్రహ్మాండంగా ఉంది గానీ బల్ల దగ్గర -84. మాది 5జీ ఫోనే, మరి ఎందుకు అందదు?

కానూరు_కుర్రాడు

ఆ 5జీ వేరు, ఈ 5జీ వేరు ఆంటీ. సిమ్‌ది అయిదో తరం. వైఫైది 5 గిగాహెర్ట్జ్ అనే ఫ్రీక్వెన్సీ. 2.4 అల పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5ది ఆరు. పొట్టి అల వేగంగా మోస్తుంది గానీ గోడలకి త్వరగా అలిసిపోతుంది. మీ తొమ్మిదంగుళాల గోడలు రెండు దాటేసరికి దానికి ఓపిక ఉండదు. వెనక గదికి 2.4 ఉంచండి, టీవీకి 5 పెట్టండి.

వన్‌టౌన్_వైర్‌మన్

బెజవాడలో పాతికేళ్లుగా కరెంటు పని, పదేళ్లుగా నెట్ వైర్ల పని చేస్తున్నాను. ఇళ్లలో నేను చూసే దొంగలు ఇవి. ఇనప బీరువా, దానికి నిలువుటద్దం ఉంటే ఇంకా ఘోరం, అద్దం వెనక పూత కూడా లోహమే. ఇనప చువ్వలున్న శ్లాబు. నీళ్ల ట్యాంకు. ఎండకి కిటికీలకి అంటించే మెరుపు ఫిల్మ్, అది వేడిని ఎలా తిప్పికొడుతుందో సిగ్నల్నీ అలాగే తిప్పికొడుతుంది. పోయిన వేసవిలో గవర్నర్‌పేటలో ఒకాయన ఇంట్లో రౌటర్‌ని చెప్పుల స్టాండులో పెట్టి తలుపేశారు, అందంగా ఉండదని. స్టాండు రేకుది. తీసి పైన పెట్టామంతే, పక్క గదిలో 14 డీబీఎం పెరిగింది.

శారదమ్మ గారూ, మీది టీవీ వెనక ఉందన్నారు. టీవీ లోపల లోహపు పలకలుంటాయి. ముందు దాన్ని అక్కణ్నుంచి తీయించి, గుమ్మం ఎత్తుకి గోడ మీద పెట్టించండి. యాంటెనాలు నిలువుగా ఉంచండి. నిలువుగా ఉంటే సిగ్నల్ పక్కలకి పరుచుకుంటుంది, మీకు కావాల్సింది అదే. మేడ మీదికి కావాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టాలి.

పటమట_పద్మ

అయితే శారద గారిది -71 కదా, మరీ అంత ఘోరం కాదు. సాయంత్రం మాత్రమే ఎందుకు చచ్చిపోతోంది?

మొగల్రాజపురం_మూర్తి

ఇంకేముంది, పక్కవాళ్లు. సాయంత్రం అందరూ ఇళ్లకొచ్చి సినిమాలు పెడతారు. మాకూ అంతే.

కానూరు_కుర్రాడు

నాకూ అదే అనిపిస్తోంది. ఆంటీ, యాప్‌లో ఛానెళ్ల బొమ్మ చూడండి, వైఫై నెట్‌వర్కులు పంచుకునే దారులే ఛానెళ్లు, ఇంద్రధనుస్సుల్లా వంపులు కనిపిస్తాయి. 2.4లో ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. మీది ఎక్కడుంది, పక్కవాళ్లవి ఎక్కడున్నాయి?

బ్రాడీపేట_శారద

మాది 6. దాని మీదే ఇంకో తొమ్మిది ఉన్నాయి. 11 మీద రెండే ఉన్నాయి. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద అడ్రసు, పాస్‌వర్డ్ ఉంటే చూసి, నేనే లోపలికి వెళ్లి 11కి మార్చాను. పగలు బల్ల దగ్గర 15 వచ్చేది 22 అయింది.

కానీ సాయంత్రం ఏడింటికి మళ్లీ అదే కథ. 3 ఎంబీపీఎస్. బాషా గారు చెప్పినట్టు రౌటర్‌కి పింగ్ కొడితే 380, 410, మధ్యలో రెండు అసలు రాలేదు. అమ్మాయి కెమెరా ఆపేసి గొంతు మాత్రమే పెట్టుకుంది. ఈ టెన్షన్‌తో దానికి రోజూ తలనొప్పి.

లక్ష్మీపురం_లెక్కలమాస్టారు

శారద గారూ, సాయంత్రం బల్ల దగ్గర డీబీఎం ఎంతుందో చూశారా? స్పీడ్ కాదు, డీబీఎం.

బ్రాడీపేట_శారద

చూశాను మాస్టారూ. -82.

లక్ష్మీపురం_లెక్కలమాస్టారు

అయితే అది పక్కవాళ్ల పని కాదు.

బీసెంట్ రోడ్డులో పండగ రద్దీలో మీ స్నేహితురాలు పిలిచిందనుకోండి. జనం అరుపుల్లో ఆమె మాట మీకు అర్థం కాకపోవచ్చు గానీ, ఆమె గొంతు బలం తగ్గదు. పక్క నెట్‌వర్కుల రద్దీ కూడా అంతే. వేగం పడిపోతుంది, పింగ్ పెరుగుతుంది, డీబీఎం మాత్రం అలాగే ఉంటుంది. మీకు పొద్దున -71, సాయంత్రం -82. 11 తగ్గింది, అంటే పదో వంతు కంటే తక్కువ శక్తి అందుతోంది. అదే బల్ల, అదే ఫోన్, అదే రౌటర్. మధ్యలోకి ఏదో వస్తువు వచ్చి నిలబడుతోంది. సాయంత్రం అయ్యాక మీ ఇంట్లో ఏది స్థానం మారుతుంది?

భవానీపురం_బాషా

మాస్టారి లెక్క సరిగ్గా ఉంది. మా ఇంట్లో దీనికి తలకిందులు కథ. రాత్రి ఎనిమిదింటికి అయిదు నిమిషాలు నెట్ చచ్చేది, డీబీఎం చూస్తే మార్పే లేదు. చివరికి అది మా ఆవిడ కూరలు వేడిచేసే మైక్రోవేవ్ ఓవెన్. అది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. అది గోల, అడ్డు కాదు. శారద గారిది అడ్డు.

మొగల్రాజపురం_మూర్తి

సాయంత్రం ఏసీ వేస్తారా? మోటారు?

వన్‌టౌన్_వైర్‌మన్

మోటారుకి డీబీఎం తగ్గదండి. స్కూటర్ లోపల పెడతారా మధ్య గదిలో? కొందరి ఇళ్లలో చూశాను.

బ్రాడీపేట_శారద

లేదండీ, బండి వరండాలోనే. మధ్య గదిలో మంచం, మా అత్తగారి కుర్చీ, అంతే. ఏవీ కదలవు.

గుణదల_గృహిణి

ఇన్ని రోజులుగా చదువుతున్నాను, ఇవాళే రాస్తున్నాను. సాయంత్రం ఆరింటికి మా బెజవాడలోనైనా మీ గుంటూరులోనైనా ఇంట్లో ఖాయంగా మారేది ఒకటుంది. దోమలొస్తాయి, తలుపులు మూస్తాం. మీ వెనక గదికి జాలీ తలుపు ఉందా?

బ్రాడీపేట_శారద

ఉంది! మధ్య గదికీ వెనక గదికీ మధ్య గుమ్మానికి. పెరటి వైపు కిటికీలోంచి దోమలు వస్తాయని, మా అత్తగారి మంచం మధ్య గదిలో ఉందని మూడేళ్ల కిందట పెట్టించాం. పగలు తీసే ఉంటుంది. దీపాలు పెట్టగానే వేస్తాం. కానీ అది జాలీయే కదా, గాలి కూడా వస్తుంది?

లక్ష్మీపురం_లెక్కలమాస్టారు

దేంతో చేసిన జాలీ? అయస్కాంతం, వేలు పెట్టి చూసి చెప్పండి. ఇప్పుడే తలుపు తీసి ఒకసారి, వేసి ఒకసారి కొలవండి. ఇంకేమీ కదపొద్దు.

బ్రాడీపేట_శారద

చేతులు వణుకుతున్నాయి రాస్తుంటే. తీస్తే -70. వేస్తే -81. మళ్లీ తీస్తే -71. మళ్లీ వేస్తే -82. నాలుగుసార్లు చేశాను, అమ్మాయి కూడా చూసింది. సన్న స్టీలు జాలీ, అల్యూమినియం చట్రం.

లక్ష్మీపురం_లెక్కలమాస్టారు

దొరికింది. గుణదల అమ్మగారికి నా నమస్కారం, నేనైతే ఇంకో వారం బీరువాల చుట్టూ తిరిగేవాణ్ని.

బాషా గారి మైక్రోవేవ్ ఓవెన్ తలుపు గుర్తు తెచ్చుకోండి. అద్దం వెనక చిన్న చిల్లుల రేకు ఉంటుంది. లోపలి కూర కనిపిస్తుంది, అలలు మాత్రం బయటికి రావు. వెలుగు అల చాలా చిన్నది కాబట్టి చిల్లులోంచి దూరిపోతుంది. పన్నెండు సెంటీమీటర్ల వైఫై అలకి మిల్లీమీటరు చిల్లు గోడతో సమానం. మీ ఇంట్లో గోడలు మందం కాబట్టి, సిగ్నల్లో ఎక్కువ భాగం ఆ గుమ్మం దారినే వెనక గదిలోకి వెళ్తోంది. దీపాలు పెట్టగానే ఆ దారికే స్టీలు తెర దించుతున్నారు. మిగిలింది గోడల్లోంచీ, చట్రం సందుల్లోంచీ వెళ్లేది.

కానూరు_కుర్రాడు

నేను ఛానెల్ అన్నాను, అది సగమే సాయపడింది. ఇంత మంచి కేసు నేనెప్పుడూ చూడలేదు. జాలీ మార్చేయండి ఆంటీ, నైలాన్‌దో ఫైబర్‌గ్లాస్‌దో వేయించండి. వాటిలో లోహం ఉండదు, సిగ్నల్ హాయిగా దాటుతుంది.

పటమట_పద్మ

నైలాన్ వేయిస్తే ఎలుకలు కొరికేస్తాయి. మాకు రెండు నెలల్లో కొరికాయి. అందుకే అందరూ స్టీలుకి పోతారు.

వన్‌టౌన్_వైర్‌మన్

దానికి మార్గం ఉంది పద్మమ్మా. కింద అడుగున్నర వరకు స్టీలే ఉంచి, పైన ఫైబర్‌గ్లాస్ వేయించాలి. ఎలుక కింద నుంచే మొదలెడుతుంది. మనిషి కూర్చునే ఎత్తులో, రౌటర్ ఎత్తులో లోహం లేకుండా ఉంటే చాలు. చట్రంలో రబ్బరు బీడింగ్ లాగి జాలీ మార్చడం అరగంట పని. రౌటర్ కూడా టీవీ వెనక నుంచి తీయించడం మర్చిపోకండి.

భవానీపురం_బాషా

దాని బదులు రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగి వెనక గదిలో యాక్సెస్ పాయింట్, అంటే ఆ కేబుల్ నుంచి అక్కడే వైఫై ఇచ్చే పెట్టె పెడితే, ఈ బాధ శాశ్వతంగా పోతుంది కదా. కేబుల్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది.

లక్ష్మీపురం_లెక్కలమాస్టారు

అది గొప్ప పరిష్కారమే బాషా గారూ, కొత్త ఇల్లయితే నేనూ అదే చెప్తాను. కానీ తొమ్మిదంగుళాల గోడలు రెండు తొలవాలి. ముందు జాలీ, రౌటర్ చోటు మార్చి కొలవనివ్వండి. -67 లోపలికి వస్తే ఇంక అక్కర్లేదు.

గుణదల_గృహిణి

మా బాల్కనీలో కూడా ఇదే జరిగింది, అందుకే తట్టింది. బాల్కనీకి స్టీలు జాలీ బిగించిన రోజు నుంచి అక్కడ కూర్చుని అబ్బాయితో అమెరికాకి మాట్లాడటం కుదరలేదు. ఫోన్ పాడైందని కొత్తది కొనిపెట్టాడు పాపం. అదీ పనిచేయలేదు.

బ్రాడీపేట_శారద

అయిదు రోజుల తర్వాత రాస్తున్నాను. అరండల్‌పేట నుంచి జాలీ పనివాణ్ని పిలిపించి, వైర్‌మన్ గారు చెప్పినట్టే కింద అడుగున్నర స్టీలు, పైన ఫైబర్‌గ్లాస్ వేయించాను. తలుపు వేసి సాయంత్రం ఆరున్నరకి కొలిస్తే -71. అంటే పొద్దుటి అంకే. ఆ మర్నాడు రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీయించి హాలు గుమ్మం పక్క గోడకి, తల కంటే ఎత్తులో పెట్టించాను. ఇప్పుడు బల్ల దగ్గర -64, తలుపు వేసే ఉంది. స్పీడ్ 38. రౌటర్‌కి పింగ్ 4, 6, 5. ప్లాన్ పాత 100దే.

నిన్న సాయంత్రం మీటింగు గంటన్నర జరిగింది. కెమెరా పెట్టుకునే మాట్లాడింది. అయ్యాక బయటికొచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. మాస్టారికీ, గుణదల అక్కకీ, మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు.

పటమట_పద్మ

చదువుతుంటే కళ్లు చెమర్చాయి శారద గారూ. నేనూ ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మెట్ల దగ్గర -61 వచ్చింది. సొరుగులోంచి రిపీటర్ తీసి అక్కడ ప్లగ్గుకి పెట్టాను. పడగ్గదిలో ఇప్పుడు 27 వస్తోంది, ఇంతకు ముందు 4.

మొగల్రాజపురం_మూర్తి

మా పడగ్గది కిటికీకి మెరుపు ఫిల్మ్ ఉంది, బాల్కనీలో నెట్ రాదు. ఫిల్మ్ పీకాలంటే మేలో ఆ గదిలో ఉండలేం. కిటికీ రెక్క తీసి ఒకసారి, వేసి ఒకసారి కొలిచి రేపు అంకెలు పెడతాను, మాస్టారూ చూడండి.